జవాబుకు ముందు



ఒక పాటతో మొదలుపెడతాను. నేను పాడబోవడం లేదు, వినిపించబోవడమూ లేదు. 1961 జులైలో ఒక స్టూడియోలో ఆ పాట ఎందుకు మోగిందో చెబుతాను.

చికాగో నగరంలో డబ్ల్యూ.ఎఫ్.ఎం.టి. అనే రేడియో కేంద్రం ఉంది. శాస్త్రీయ సంగీతానికి పేరున్న కేంద్రం. ఆ రోజు అక్కడికి జేమ్స్ బాల్డ్విన్ వచ్చారు. నల్లజాతి అమెరికన్ రచయిత, అప్పటికి ముప్పై ఆరేళ్లు. ఆయన కొత్త వ్యాస సంపుటి ఆ ఏడాదే వెలువడింది. ఎదురుగా కూర్చున్నాయన పేరు స్టడ్స్ టెర్కెల్. ఇలాంటి చోట మామూలుగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. రచయిత పుట్టిన ఊరు, రాసిన పుస్తకాలు, అందుకున్న సత్కారాలు వరసగా చదివి, "మీ సాహిత్య ప్రస్థానం ఎలా మొదలైందండీ?" అని అడుగుతారు. టెర్కెల్ అవన్నీ పక్కన పెట్టి ముందు ఒక గ్రామఫోన్ రికార్డు వేశారు. బెస్సీ స్మిత్ అనే గాయని 1927లో పాడిన బ్లూస్ పాట అది. వరదొచ్చి ఇల్లూ వాకిలీ మునిగిపోయిన మనిషి గోడు. పాట అయ్యాక, ఇది వింటూ కూర్చున్నారు కదా, మీలో ఏం మెదులుతోంది అని అడిగారు.

వేల పాటలుండగా ఈ గొంతే ఎందుకు ఎంచుకున్నారు? బాల్డ్విన్ తన మొదటి నవలను స్విట్జర్లాండ్‌లో, మంచు కొండల నడుమ ఒక పల్లెలో కూర్చుని పూర్తి చేశారు. చుట్టూ ఒక్క నల్లమనిషి లేని ఊరు. అక్కడికి ఒక టైప్‌రైటర్, రెండు బెస్సీ స్మిత్ రికార్డులు పట్టుకెళ్లారు. ఈ సంగతి కొత్త సంపుటిలోని ఒక వ్యాసంలో ఆయనే రాసుకున్నారు. ఆ వ్యాసం చదివినవాడికే ఆ రికార్డు వెయ్యాలని తోస్తుంది. అట్ట వెనక నాలుగు వాక్యాలు చూసి వచ్చినవాడికి తోచదు.

ఆ ఒక్క పాటతో బాల్డ్విన్ తెరుచుకున్నారు. చిన్నప్పుడు తమ ఇంట్లో మాట ఎలా నడిచేదో, చదువుకుని పైకొచ్చే తొందరలో ఆ నడకను తాను ఎలా పోగొట్టుకున్నారో, ఈమె పాట వింటూ వింటూ దాన్ని తిరిగి ఎలా పట్టుకున్నారో చెప్పారు. రికార్డింగ్ ఇప్పటికీ ఉంది. వింటుంటే ఆయన ముందే అనుకున్నది అప్పజెబుతున్నట్టు ఉండదు. మాట కోసం ఆగుతారు, ఒకటి అందుకుని, అది చాలదని ఇంకొకటి వెతుక్కుంటారు. మనిషి ఆలోచిస్తూ ఉండగా మనం పక్కనే కూర్చుని వింటున్నట్టుంటుంది. పుస్తకంలో మనకు అందేది ఆలోచన పూర్తయ్యాక రాసింది. టెలివిజన్‌లో ముఖం, చొక్కా, వెనకాల పుస్తకాల బీరువా సగం చూపును లాగేసుకుంటాయి. మెదడు పని చేస్తున్న చప్పుడు తేటగా వినిపించేది రేడియోలోనే. రచయితలతో, పండితులతో రేడియో ముఖాముఖి అంటే నాకున్న ప్రేమంతా ఆ చప్పుడు కోసమే.

టెర్కెల్ అసలు పేరు లూయిస్. 1912లో న్యూయార్క్‌లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం చికాగోకు తరలివచ్చింది. తండ్రి దర్జీ. అక్కడ తల్లిదండ్రులు గదులు అద్దెకిచ్చే లాడ్జి నడిపేవారు. రైల్వే పనివాళ్లు, మిల్లు కూలీలు, పని పోయినవాళ్లు వచ్చి దిగేవారు. సాయంత్రం కింద హాల్లో చేరి వాదించుకునేవారు. ఆ కుర్రాడు ఒక మూల కూర్చుని వినేవాడు. దగ్గర్లోనే ఒక పార్కు ఉండేది. ఎవరికి తోచింది వాళ్లు పెట్టె ఎక్కి ఉపన్యసించే చోటు. అక్కడికీ వెళ్లేవాడు. పెద్దయ్యాక 1934లో లా పట్టా పుచ్చుకున్నారు గాని వకీలు వృత్తిలోకి వెళ్లలేదు. రేడియో నాటకాల్లో దొంగల ముఠా నాయకుడి వేషాలు వేశారు. తొలినాళ్ల టెలివిజన్‌లో సొంత కార్యక్రమం నడిపారు. అప్పుడు అమెరికాలో ఎవరిని చూసినా కమ్యూనిస్టేమోనన్న అనుమానం. జాతివివక్షకు వ్యతిరేకంగా, అలాంటి మరికొన్ని విషయాల మీద వచ్చిన అర్జీల మీద సంతకాలు పెట్టారని ఆయన పనికి ఎసరొచ్చింది. ఎవరో మాయచేసి పెట్టించుకున్నారని చెబితే గండం గడిచిపోయేదట. ఆయన చెప్పలేదు. అలా టెలివిజన్ నుంచి బయటపడి, 1952లో ఈ చిన్న రేడియో కేంద్రానికి వచ్చారు. 1997 దాకా, నలభై అయిదేళ్లు, అక్కడే. పనిరోజుల్లో రోజూ ఒక గంట.

రోజూ అంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఇవాళ నవలా రచయిత, రేపు శాస్త్రవేత్త, ఎల్లుండి నర్తకి. ఆయన చేతిలో అతిథి పుస్తకం గీతలతో, పక్కన రాసుకున్న మాటలతో నలిగిపోయి ఉండేది. దాన్ని చూసి రచయితలే తెల్లబోయేవారని చాలామంది చెప్పుకున్నారు. తాను మరిచిపోయిన వాక్యాన్ని ఎదుటివాడు తీసి చదివితే, రచయితకు తన పుస్తకం మీద తనకే మళ్లీ కుతూహలం పుడుతుంది. అక్కడి నుంచి సంభాషణ వేరే దారి పడుతుంది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మనకు పెద్దవాళ్ల పట్ల మర్యాద ఎక్కువ. అది మంచిదే. కాని మైకు ముందు ఆ మర్యాద ప్రశ్నను మింగేస్తుంది. "తమరి లేఖిని నుంచి జాలువారిన..." అని మొదలుపెట్టి మూడు నిమిషాలు పొగుడుతాం. పెద్దాయన మొహమాటపడి, "అంతా సరస్వతీ కటాక్షం" అంటారు. పదిహేను నిమిషాల్లో అయిదు అలా పోతాయి. మరో చిక్కు కూడా ఉంది. అంతవరకు క్యాంటీన్లో టీ తాగుతూ చక్కటి తెలుగులో, సొంత ఊరి యాసలో కథలు కథలుగా చెప్పిన మనిషి, స్టూడియోలో ఎర్రదీపం వెలగగానే గొంతు సవరించుకుని శాసనం చదువుతున్నట్టు మాట్లాడతారు. ఆ యాస బయటే చెప్పులతో పాటు ఉండిపోతుంది. నా లెక్కలో పెద్దవాళ్లకు ఇచ్చే గౌరవం వాళ్ల పుస్తకం ఆసాంతం చదివి, మనకు నిజంగా అర్థంకాని చోటు గురించి అడగడం. పొగడ్త వాళ్లకు ఎటూ సన్మాన సభల్లో దొరుకుతుంది.

బిగుసుకుపోయే ఈ జబ్బుకు టెర్కెల్ దగ్గర ఒక మందు ఉండేది, అదీ అనుకోకుండా దొరికింది. యంత్రాలు ఆయన చేతికి లొంగేవి కావు. కారు నడపడం కూడా జీవితంలో నేర్చుకోలేదు, బస్సులోనే తిరిగేవారు. టేప్‌రికార్డర్ తీసుకుని ఎవరింటికైనా వెళ్తే ఒక మీట నొక్కబోయి ఇంకొకటి నొక్కేవారు. మార్తా గ్రాహం అంతటి నర్తకితో మాట్లాడింది అలాగే పోగొట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. కాని సామాన్యుల ఇళ్లలో ఆ తడబాటు మేలే చేసింది. "అదిగోనండీ, చక్రం తిరగడం లేదు" అని ఇంటివాళ్లే చెప్పేవారు. చెప్పడంతోనే బెరుకు పోయేది. రేడియో నుంచి వచ్చిన పెద్దమనిషి కాస్తా సాయం కావలసిన మనిషి అయ్యేవాడు.

ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్ల సముదాయంలో ఒక తల్లితో మాట్లాడిన సంగతి ఆయన చాలాసార్లు చెప్పేవారు. చుట్టూ పిల్లలు. అమ్మ గొంతు వింటామని గోల. టేపు వెనక్కి తిప్పి వినిపిస్తే, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలో ఇలాంటి భావన ఉందని నాకిన్నాళ్లూ తెలియదే అందట. నాకు ఈ సంఘటన బాల్డ్విన్ సంభాషణ కన్నా పెద్దదనిపిస్తుంది. బాల్డ్విన్ మాటలతో బతికే మనిషి, తనలో ఏముందో తవ్వుకోవడమే ఆయన పని. ఆమెను ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

ఇలా చేసిన సంభాషణల నుంచే ఆయన పుస్తకాలు వచ్చాయి. చికాగో మనుషుల మీద 1967లో, ఆర్థిక మాంద్యం మీద 1970లో. పని గురించి 1974లో వచ్చిన పుస్తకానికి పేరే 'వర్కింగ్'. ఉక్కు కార్మికుడు, హోటల్లో వడ్డించే ఆమె, సమాధులు తవ్వేవాడు, రాతిపని మేస్త్రీ, టెలిఫోన్ ఆపరేటరు, ఇలా వందమందికి పైగా మనుషులు పొద్దుట లేచి తాము ఏం చేస్తారో, అలా చేస్తుండగా లోపల ఏమనిపిస్తుందో చెప్పారు. రెండో ప్రపంచయుద్ధాన్ని చూసినవాళ్ల మాటలతో చేసిన పుస్తకానికి 1985లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నిపుణుడు అనే మాటకు అర్థాన్ని ఆయన అలా పెంచారు. తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌ను అడిగిన శ్రద్ధతోనే రాతిపని మేస్త్రీనీ అడిగారు.

ఈ మాట అనగానే మన దగ్గరి పని ఒకటి గుర్తొస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ వృత్తిపదాల కోశాన్ని వెలువరించింది. దానికోసం జిల్లా జిల్లా తిరిగి, రైతుల దగ్గర కూర్చుని, నాగలిలో మేడిని మీ వైపు ఏమంటారు, కర్రును ఏమంటారు, కాడిని ఏమంటారు అని అడిగి రాసుకున్నారు. ఒక భాషాశాస్త్రవేత్త, సేద్యం మాట వచ్చేసరికి పండితుడు రైతే అని ఒప్పుకుని, ఆయన నోటి మాటనే ప్రమాణంగా తీసుకున్న పని అది. పదాలు పుస్తకంలోకి చేరాయి. ఆ పదాలు పలికిన గొంతులు కూడా టేపు మీద ఉండి ఉంటే, శ్రీకాకుళం రైతు, కడప రైతు, కరీంనగర్ రైతు ఒకే పనిముట్టు గురించి వరసగా మాట్లాడుతుంటే వినడం ఎంత భాగ్యమయ్యేదో!

అడిగేవాడు పొరబడిన చోట ఏం చెయ్యాలో కూడా టెర్కెల్ దగ్గరే నేర్చుకోవాలి. 1963లో ఒక కుర్రవాడు గిటారు పట్టుకుని ఆయన స్టూడియోకి వచ్చాడు. పేరు బాబ్ డిలన్. ఇరవయ్యేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. భోరున కురవబోయే వాన గురించి ఒక పాట పాడాడు. అంతకుముందు ఏడాది అక్టోబరులోనే క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్లి వచ్చింది. టెర్కెల్‌కు ఆ వాన అణుధూళి వానగా తోచింది. అదే అన్నారు. కుర్రవాడు ఒప్పుకోలేదు. కాదు, అది అణు వాన కాదు, ఉత్త జడివానే అన్నాడు. అప్పటికి టెర్కెల్‌కు యాభై ఏళ్లు. పేరున్న మనిషి. తన వ్యాఖ్యానాన్ని సమర్థించుకోవచ్చు, లేదా టేపులోంచి ఆ ముక్క తీసేయించవచ్చు. రెండూ చెయ్యలేదు. ఆయన పొరపాటూ, కుర్రవాడి పట్టుదలా రెండూ అలాగే ప్రసారమయ్యాయి. 2016లో డిలన్‌కు నోబెల్ సాహిత్య బహుమతి వచ్చాక ఆ పాత రికార్డింగును ఎంతోమంది మళ్లీ విన్నారు. అందులో నాకు నచ్చేది ఆ "కాదు" అన్న మాటే.

ఇదంతా ఒక్క చికాగోలోనే జరిగిందనుకోకండి. లండన్‌లో బిబిసి రేడియో 4 వాళ్లు 1998 అక్టోబర్ 15న 'ఇన్ అవర్ టైమ్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ప్రత్యక్ష ప్రసారం. మెల్విన్ బ్రాగ్ నడిపేవారు. ఒకే విషయం తీసుకుని, దాన్ని విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి చెబుతున్న ముగ్గురు ఆచార్యులను కూర్చోబెట్టేవారు. సున్నా కథ ఒక వారం, ఉపనిషత్తులు ఒక వారం, అశోకుడు ఒక వారం. భగవద్గీత మీద కూడా చేశారు. అక్కడ అందరూ వినే పేర్లు కావాలన్న పట్టింపు లేదు, విషయం తెలిసినవాళ్లు కావాలి. ఆచార్యుడు పరిభాషలోకి జారుకుంటే బ్రాగ్ అడ్డుపడి, మామూలు మాటల్లో చెప్పండి అనేవారు. 2025లో ఆయన తప్పుకునే నాటికి వెయ్యికి పైగా కార్యక్రమాలయ్యాయి. ఆయనా టెర్కెల్ లాంటి ఇంట్లోనే పెరిగారు. ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఆయన తల్లిదండ్రులు పబ్బు నడిపేవారు. ఒకరిది లాడ్జి, ఇంకొకరిది పబ్బు. దారినపోయేవాళ్లు వచ్చి మాట్లాడి వెళ్లే చోట ఇద్దరి చెవులూ తయారయ్యాయి. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మలేను.

మన రేడియోకు రచయితలు కొత్త కాదు. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం మొదలైనప్పటి నుంచీ, 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చాకా, మన రేడియోలో పనిచేసినవారి పేర్లు చెబితే సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయం చదివినట్టుంటుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, జాషువా, బుచ్చిబాబు, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు, తరవాతి రోజుల్లో జ్ఞానపీఠం అందుకున్న రావూరి భరద్వాజ. నాటకం, గేయం, ప్రసంగం, కవి సమ్మేళనం, అన్నింటికీ వాళ్లు ఒక స్థాయి నిలబెట్టారు. అయితే మన రేడియోలో ఎక్కువగా వర్ధిల్లింది రాసి చదివే మాట. ప్రసంగం ముందే రాయాలి, నిడివి చూసుకోవాలి, కేంద్రానికి ఇవ్వాలి. ఇప్పుడు నేను మీతో మాట్లాడుతున్నదీ కాగితం మీంచే. ఈ పద్ధతి వల్ల మాట చిక్కబడుతుంది, వృథా పోదు. దాని మేలు నాకు తెలుసు. కాని నేను ఎక్కడ తడబడ్డానో, ఏ మాట కొట్టేసి ఏది రాశానో మీకు వినపడదు. ముఖాముఖిలో అదంతా వినపడుతుంది. అందుకే రాసి చదివే ప్రసంగానికి ఇచ్చినంత శ్రద్ధ, సమయం, టేపు మనం రాయని మాటకు కూడా ఇవ్వాలని నా కోరిక.

టేపు అన్నాను కదా. స్పూలు టేపుల కాలంలో టేపు ఖరీదైన వస్తువు. ఒక కార్యక్రమం ప్రసారమయ్యాక చెరిపి, దాని మీదే ఇంకొకటి రికార్డు చెయ్యడం ప్రపంచంలో చాలా రేడియో కేంద్రాల్లో జరిగింది. అలా ఎన్ని గొంతులు పోయాయో! టెర్కెల్ టేపులు మిగిలాయి. దాదాపు 5,600 కార్యక్రమాలు చికాగో చరిత్ర మ్యూజియానికి చేరాయి. 2018 మే 16న, ఆయన పుట్టినరోజు నాడు, వాటిని ఎవరైనా వినేందుకు వీలుగా తెరవడం మొదలుపెట్టారు. చూడడానికి ఆయన లేరు. 2008లోనే, తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. ఇవాళ ప్రతి చేతిలో ఉన్న ఫోను ఆనాటి స్టూడియో యంత్రం కన్నా తేలిక. దాచుకోవడానికి ఖర్చూ లేదు. ఎవరింట్లోనైనా పాత క్యాసెట్లలో ఒక రచయితతోనో, ఒక హరిదాసుగారితోనో మాట్లాడించిన రికార్డింగు ఉంటే, దయచేసి దాన్ని ఈ వారమే కాపీ చేయించండి. టేపు మీద పూత రాలిపోవడం మొదలైతే ఆగదు.

ఇక నా అనుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయనతో ముఖాముఖి చెయ్యమని నన్ను పిలిచారు. ఆయన కథకులు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. నేను పుస్తకం చదివాను. పన్నెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. ఆయన కథల్లో ఏటి మీద బల్లకట్టు నడిపే మనిషి ఒకడు మళ్లీ మళ్లీ వస్తాడు. ఏ కథలోనూ వాడికి పేరుండదు. ఆ మనిషి ఎవరండీ అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. మైకు ముందు నాలుగు సెకన్ల మౌనం నలభై సెకన్లంత ఉంటుంది. నాకు చెమట పట్టింది. జవాబు తోచలేదనుకుని, ఆయనకు ఇబ్బంది కలగకూడదని, తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

రికార్డింగ్ అయ్యాక, టేపు కోసి అతికించే గదిలో, ఆ పని చూసే ఆవిడ నన్ను పిలిచి ఆ చోటు మళ్లీ వినిపించారు. నా ప్రశ్న, తరవాత మౌనం. ఆ మౌనం చివర ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు స్పష్టంగా ఉంది. మాట మొదలుపెట్టబోయే మనిషి తీసుకునే ఊపిరి. దాని మీదే నా గొంతు పడింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఆ చోటు కత్తిరించనా అని మాత్రం అడిగారు. వద్దన్నాను.

నెల రోజుల తరవాత ఆయన ఇంటికి వెళ్లాను. యంత్రం పట్టుకెళ్లలేదు. అరుగు మీద కూర్చుని అదే ప్రశ్న మళ్లీ అడిగి ఊరుకున్నాను. ఈసారి ఎంతసేపు ఆగారో లెక్కపెట్టలేదు. వీధిలో రెండు ఎడ్లబండ్లు వెళ్లాయి. తరవాత గంటసేపు చెప్పారు. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊరి రేవులో నిజంగా ఉన్న మనిషేనట. ఆ రాత్రే ఇంటికొచ్చి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు తిరగేస్తే అందులో ఆయన యాస లేదు, అన్నీ నా వాక్యాలే. రేవులో ఆ మనిషి రాత్రిళ్లు బల్లకట్టు మీదే పడుకునేవాడట. అవతలి గట్టు నుంచి చీకట్లో ఎవరైనా కేకేస్తే, లాంతరు వెలిగించకుండానే, గొంతు విని అది ఏ ఊరి మనిషో, ఒంటరిగా వచ్చాడో, ఇంటిల్లిపాదితో వచ్చాడో చెప్పేసేవాడట.